తొడుగు ఊడిన తీగెలు: మల్టిపుల్ స్క్లిరోసిస్ గురించి కొన్ని మాటలు

సావనీరుకి ఏదైనా వ్యాసం రాసిమ్మని విద్యార్థిసంఘం కార్యదర్శి వచ్చి అడిగాడు. "సూపర్ కండక్టర్ల మీద రాయండి మేడమ్, క్లాసులో చెప్పినట్టు తేలిగ్గా" అన్నాడు. సరేనన్నాను. తీరా రాయటానికి కూర్చుంటే మనసు వేరే తీగెల మీదికి పోయింది. మన కళాశాలలో ఫిజిక్సు చదివిన ప్రతివాళ్ళకీ రాగితీగె సంగతి తెలుసు. మన వొంట్లో వున్న తీగెల సంగతి మాత్రం, అవి పాడయ్యేదాకా నాక్కూడా తెలియదు.

ఇది రాయటానికి మరో కారణం కూడా వుంది. 2024 వేసవి తర్వాత నేను చేతికర్ర పట్టుకుని, గోడ ఆసరాతో వరండాలో నడవటం మీలో చాలామంది చూశారు. పక్షవాతమని కొందరనుకున్నారు. స్కూటరు మీంచి పడ్డానని కొందరనుకున్నారు. అంతకుముందు కొన్నాళ్ళు తూలుతూ నడుస్తుంటే మరో మాట కూడా అనుకున్నారని నా చెవిని పడింది. అడగటానికి మీరు మొహమాటపడ్డారు. చెప్పటానికి నేనూ మొహమాటపడ్డాను. ఆ మొహమాటం ఇవాళ వదిలేస్తున్నాను. నాకున్న జబ్బు పేరు మల్టిపుల్ స్క్లిరోసిస్.

తీగె, తొడుగు

మెదడు నుంచి కాలివేలి దాకా కబురు తీసుకుపోయేవి నాడీతంతువులు. తంతువుని కరెంటు తీగె అనుకుంటే, దాని చుట్టూ వుండే కొవ్వుపొరని రబ్బరు తొడుగు అనుకోవచ్చు. ఆ పొర పేరు మైలిన్. మామూలుగా డాక్టర్లు ఈ పోలికతో ఆపేస్తారు. ఫిజిక్సు విద్యార్థులు అంతటితో తృప్తిపడకూడదు. మైలిన్ తొడుగు మొదలు నుంచి చివరిదాకా ఒకటే ముక్క కాదు. మధ్యమధ్య చిన్న చిన్న ఖాళీలుంటాయి. విద్యుత్సంకేతం ఒక ఖాళీ దగ్గర నుంచి తర్వాతి ఖాళీకి గెంతుతూ పోతుంది. అందువల్లనే మైలిన్ దట్టంగా వున్న తంతువుల్లో సంకేతం సెకనుకి 100 మీటర్ల దాకా వేగంతో పోగలుగుతుంది. తొడుగు లేని సన్నని తంతువుల్లో ఆ వేగం సెకనుకి ఒక మీటరు ప్రాంతంలోనే వుంటుంది.

బయటి నుంచి వచ్చే సూక్ష్మక్రిములతో పోరాడవలసిన మన రోగనిరోధక వ్యవస్థ, దారి తప్పి సొంత మైలిన్ మీదనే పడటం ఈ జబ్బు. మెదడులో, వెన్నుపాములో, కంటినరంలో అక్కడక్కడ తొడుగు ఊడిపోతుంది. ఊడినచోట గట్టి మచ్చ మిగులుతుంది. స్క్లిరోసిస్ అంటే గట్టిపడటం, మల్టిపుల్ అంటే పలుచోట్ల. 1868లో పారిస్‌లోని సాల్పేత్రియేర్ ఆసుపత్రిలో జాఁ మార్టిన్ షార్కో అనే వైద్యుడు, రోగులు బతికి వుండగా చూసిన లక్షణాలనీ, చనిపోయాక మెదడులో కనిపించిన మచ్చలనీ జతపరిచి దీనికొక రూపం ఇచ్చాడు.

మచ్చ ఎక్కడ పడితే బాధ అక్కడిది. కంటినరంలో పడితే చూపు మసకేస్తుంది. వెన్నుపాములో పడితే కాళ్ళు బిగుసుకుపోతాయి, తిమ్మిరెక్కుతాయి, మూత్రం అదుపు తప్పుతుంది. చిన్నమెదడులో పడితే నడక తూలుతుంది, మాట తడబడుతుంది. ఇందుకే ఇద్దరు రోగులు ఒకేలాగ వుండరు. చాలామందిలో వుండేది మాత్రం నీరసం. పని చేస్తే వచ్చే అలసట కాదు. పొద్దున్న లేస్తూనే, రాత్రంతా బస్తాలు మోసినట్టుంటుంది.

ఈ జబ్బు ఎక్కువగా 20, 40 ఏళ్ళ మధ్య బయటపడుతుంది. అంటే సరిగ్గా మీ వయసులోనూ, మీ లెక్చరర్ల వయసులోనూ. మగవాళ్ళ కన్న ఆడవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువ. 2020 నాటి లెక్క ప్రకారం ప్రపంచం మొత్తం మీద సుమారు 28 లక్షలమందికి వుంది. చలిదేశాల్లో ఎక్కువ, మన దేశంలో తక్కువ. కాని ఎం.ఆర్.ఐ. యంత్రాలు వచ్చిన తర్వాత, మనం అనుకున్నంత అరుదు కాదని తేలింది. ఇది అంటువ్యాధి కాదు. తల్లికుంటే బిడ్డకి వచ్చి తీరుతుందన్నమాట కూడా లేదు. ఎందుకొస్తుందనే ప్రశ్నకి పూర్తి జవాబు రాలేదు గాని, 2022లో ఒక పెద్ద ఆధారం దొరికింది. అమెరికా సైన్యంలో కోటిమందికి పైగా మనుషుల రికార్డులు పరిశీలిస్తే, ఎప్‌స్టైన్ బార్ అనే వైరస్ సోకిన తర్వాత ఈ జబ్బు వచ్చే అవకాశం 32 రెట్లు పెరిగినట్టు కనిపించింది. ఆ వైరస్ లోకంలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. వాళ్ళలో అతి కొద్దిమందికే ఈ జబ్బు వస్తుంది. కనక వైరస్ ఒక్కటే చాలదు, దానికి మరికొన్ని తోడవ్వాలి.

నా సంగతి

2012లో నాకు నడుము కిందనుంచి మూడు వారాలు తిమ్మిరి వుంది. నడుస్తుంటే పరుపు మీద నడిచినట్టుండేది. ఒక డాక్టరుగారు చూసి, "నరాల బలహీనతమ్మా, ఏం లేదు" అని బి-కాంప్లెక్సు ఇంజక్షన్లు రాశారు. మా అత్తయ్యగారు దిష్టి తీశారు. తిమ్మిరి తగ్గింది. రెండింటిలో దేనివల్ల తగ్గిందని ఇంట్లో చాలాకాలం వాదన జరిగింది. నిజానికి రెండింటివల్లా కాదు. ఈ జబ్బు మొదట్లో చాలామందికి అలా వచ్చి, దానంతటదే తగ్గిపోతుంది. మోసమంతా అందులోనే వుంది.

2014లో ఎడమకన్ను తిప్పితే నొప్పి పుట్టింది. రెండురోజుల్లో చూపు మసకేసింది. ఎర్రచీర ఆ కంటికి వెలిసిపోయిన ఇటుకరంగులో కనిపించింది. కంటిడాక్టరు న్యూరాలజిస్టు దగ్గరికి పంపారు. ఎం.ఆర్.ఐ. తీశారు, వెన్నులోంచి నీరు తీసి పరీక్షించారు. న్యూరోమైలైటిస్ ఆప్టికా అని దీనికి దగ్గరగా కనిపించే మరో జబ్బుంది. దీనికి వాడే మందులు కొన్ని దానికి హాని చేస్తాయి. 2004లో దాని యాంటీబాడీ కనుక్కున్నారు గనక ఇప్పుడు రక్తపరీక్షతో చాలావరకు తేల్చవచ్చు. నాకా పరీక్ష కూడా చేసి, అది కాదని చూసుకుని, మల్టిపుల్ స్క్లిరోసిస్ అని చెప్పారు. ఇంజక్షన్లు మొదలుపెట్టారు. తర్వాత పదేళ్ళు జబ్బు నన్ను మరిచిపోయిందనే అనుకున్నాను. నేను కూడా దాన్ని మరిచిపోయాను.

పదిరోజుల్లో

2024 మే నెల. స్పాట్ వాల్యుయేషన్ జరుగుతోంది. మేడ మీద హాలు, తిరిగినా గాలి రాని ఫ్యాన్లు, బయట రోళ్ళు పగిలే ఎండ. ఆ అంతస్తులో ఆడవాళ్ళకి బాత్రూము లేదు. కిందికి దిగి మళ్ళీ ఎక్కాలి. మెట్లంటే భయంతో నేను నీళ్ళు తాగటం తగ్గించాను. అది ఎంత తెలివితక్కువ పనో తర్వాత తెలిసింది.

ఆదివారం నాడు మెట్లు మామూలుగానే ఎక్కాను. బుధవారానికి కుడికాలు ఈడుస్తున్నాను. శనివారం నాటికి గోడ పట్టుకోందే నిలబడలేకపోయాను. పదోరోజున మంచం మీంచి బాత్రూముకి వెళ్ళటానికి మావారి భుజం కావలసివచ్చింది. పదిరోజుల్లో ఇంత పోతే నెలరోజుల్లో ఎంత పోతుంది? లెక్చరర్ని గనక గ్రాఫు గీసి, గీత పొడిగించి చూసుకున్నాను. ఆ గీత జూన్ ఆఖరికి మంచానికి చేరింది. ఇంతే సంగతులనుకుని ఆ రాత్రి రాజీనామా ఉత్తరం రాసి, మావారి చేతికిచ్చాను.

ఆయన చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. "రేపు డాక్టరుగారికి చూపించి వచ్చాక ఇద్దాంలే. ఉత్తరం ఎక్కడికీ పోదుగా" అన్నారు.

మర్నాడు డాక్టరుగారు నా కాళ్ళ గురించి అడగలేదు. "జ్వరం వుందామ్మా? మూత్రానికి వెళ్ళినప్పుడు మంటగా వుందా?" అని అడిగారు. రెండూ వున్నాయి. కాళ్ళు పోతున్న కంగారులో ఆ రెండూ నాకు లెక్కకే రాలేదు.

మూడు రకాల దిగజారటం

ఆ వేళ నేను నేర్చుకున్న సంగతి చెప్పటానికే ఈ వ్యాసం రాస్తున్నాను. బాధపడేవాళ్ళకి అంతా ఒకటే దిగజారటంలా కనిపిస్తుంది గాని, నిజానికి అది మూడు రకాలు.

మొదటిది, జబ్బు పెరక్కుండానే లక్షణాలు పెరగటం. 1890లో విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటివైద్యుడు, కొందరు రోగులకి శ్రమ చేశాక చూపు తగ్గి, విశ్రాంతి తీసుకున్నాక మళ్ళీ రావటం గమనించాడు. అసలు కారణం వొంటివేడి అని తర్వాత తేలింది. తొడుగు పలచబడ్డ తంతువులో సంకేతం ఎలాగో ఈదుకుంటూ పోతుంటుంది. వేడి పెరిగితే తంతువులోని సోడియం ద్వారాలు త్వరగా మూసుకుంటాయి, సంకేతం కురచవుతుంది, తర్వాతి ఖాళీ దాకా గెంతే శక్తి చాలదు. అర డిగ్రీ సెంటిగ్రేడు పెరిగినా చాలు, కబురు దారిలో ఆగిపోవచ్చు. ఎండ, జ్వరం, వేడినీళ్ళ స్నానం, ఏదైనా ఇన్‌ఫెక్షన్ ఇందుకు కారణం కావచ్చు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ మరీ ముఖ్యం, అది ఒక్కోసారి మంట లేకుండానే వస్తుంది. ఇందులో కొత్తగా ఏ తీగె తొడుగూ ఊడదు. వేడి తగ్గితే, ఇన్‌ఫెక్షన్ పోతే, పోయిన బలం చాలావరకు తిరిగొస్తుంది.

రెండోది అసలైన దాడి. జ్వరం, ఇన్‌ఫెక్షన్ లేకుండా, కొత్త లక్షణం గాని పాతదాని ఉద్రేకం గాని 24 గంటలకి పైగా వుంటే దాన్ని దాడిగా లెక్కిస్తారు. కొత్తచోట మైలిన్ వాచి ఊడుతున్నదని అర్థం. దీనికి సాధారణంగా మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకి ఒక గ్రాము చొప్పున మూడు నుంచి ఐదు రోజులు నరంలోకి ఎక్కిస్తారు. అది కోలుకోవటాన్ని త్వరపెడుతుంది గాని, జబ్బు మొత్తం నడకని మార్చదు. దానికీ లొంగకపోతే రక్తంలోని ప్లాస్మా మార్చే పద్ధతి వుంది.

మూడోది నెమ్మదిగా అరిగిపోవటం. ఏళ్ళ తరబడి తొడుగు లేకుండా పనిచేసిన తీగెలే కొన్ని చచ్చిపోతాయి. ఇది పదిరోజుల్లో జరిగేది కాదు. నెలలు, సంవత్సరాలు పడుతుంది. పోయినేడాది కిలోమీటరు నడిచినవాళ్ళు ఈ ఏడాది ముప్పావు కిలోమీటరు నడుస్తారు.

ఇప్పుడు నా గ్రాఫులో తప్పేమిటో మీరే చెప్పగలరు. వేగంగా దిగజారటం చూసి, అది మూడోరకం అనుకుని, గీత పొడిగించాను. సాధారణంగా ఆ వేగమే మొదటి రెండు రకాలకి గుర్తు. ఆ రెండింటికీ చికిత్స వుంది. వారంలో కాళ్ళు పోయాయంటే అంతా అయిపోయిందని కాదు, ఆ వారమే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలని అర్థం. వేగంగా దిగజారుతున్న రోజుల్లో జీవితకాలపు నిర్ణయాలు మాత్రం తీసుకోకూడదు. కొన్నింటికి ఒక్కరోజు కూడా ఆగకూడదు: మూత్రం బిగపట్టటం, మింగుడుపడకపోవటం, ఊపిరి ఆడకపోవటం, చూపు హఠాత్తుగా తగ్గటం.

నా విషయంలో ముందు ఇన్‌ఫెక్షన్‌కి మందు ఇచ్చారు. అది పోకుండా స్టెరాయిడ్ ఇస్తే ఇన్‌ఫెక్షన్ విజృంభిస్తుంది గనక వరస తప్పకూడదు. మెడ మీద తడితువ్వాలు, చల్లటిగది. వారంలో సగం బలం తిరిగొచ్చింది. రెండో సగం రాలేదు. పైగా ఎడమచేతి వేళ్ళలో అంతకుముందెప్పుడూ లేని తిమ్మిరి వుంది. మళ్ళీ ఎం.ఆర్.ఐ. తీస్తే వెన్నుపాములో కొత్తమచ్చ ఒకటి తెల్లగా మెరిసింది. అంటే నాకు మొదటిదీ రెండోదీ కలిసి వచ్చాయి. ఐదురోజులు స్టెరాయిడ్ ఎక్కించారు. నోట్లో ఇనుము నమిలినట్టుండేది, రాత్రిళ్ళు నిద్రలేదు. ఆగస్టుకల్లా మరికొంత కోలుకున్నాను. ఆ పైన మిగిలిందేదో అది మిగిలింది. ఇవాళ నేను కర్రతో అరవై మీటర్లు నడుస్తాను. అంతకు మించితే చక్రాల కుర్చీ.

మందులు, మనుషులు

దాడుల సంఖ్య తగ్గించే మొదటిమందు ఇంటర్‌ఫెరాన్ బీటా, 1993లో అమెరికాలో అనుమతి పొందింది. 2010లో నోటితో వేసుకునే మందు వచ్చింది. మొదటినుంచీ నెమ్మదిగా అరిగే రకానికి అనుమతి పొందిన మొదటిమందు 2017లో వచ్చింది. ఇవన్నీ ముందుముందు తొడుగు ఊడకుండా కాపాడేవే. ఊడినదాన్ని తిరిగి తొడిగే మందుకోసం ఇంకా పరిశోధన సాగుతోంది. నాకిప్పుడు పాత ఇంజక్షన్లు మాన్పించి, ఆరునెలలకోసారి ఎక్కించే మందు ఇస్తున్నారు. పూర్తిగా నయం చేస్తామని చెప్పేవాళ్ళ మాట నమ్మి ఉన్నమందు మానెయ్యటం మాత్రం చాలా ప్రమాదం.

మందు కాక నేను చేసే పనులు కొన్ని చెబుతాను. ప్రాక్టికల్ రికార్డు పుస్తకం లాంటిది ఒకటి పెట్టుకున్నాను. రోజూ ఉష్ణోగ్రత, ఎన్ని అడుగులు వేశానో, చూపు ఎలా వుందో, మూత్రం సంగతేమిటో నాలుగే నాలుగు లైన్లు రాస్తాను. ముందు పరిశీలన, తర్వాతే నిర్ణయం అని మీకు లాబొరేటరీలో చెబుతాను గదా! భయం వేసినప్పుడు ఆ పుస్తకం తెరుస్తాను. చాలాసార్లు కారణం అందులోనే దొరుకుతుంది. నీళ్ళు తగ్గించను. పనులు పొద్దున్నే ముగిస్తాను. ఓపికకి జమాఖర్చు రాసుకుంటాను: ఒంటిగంట క్లాసుంటే ఆ పూట వంట నాది కాదు. వెనకటి రోజుల్లో ఈ రోగుల్ని కదలొద్దనేవారు. తగిన వ్యాయామం మేలు చేస్తుందని ఇప్పుడు తెలుసు గనక, ఫిజియోథెరపీ అరగంట తప్పను. దిగులు కూడా ఈ జబ్బులో తరచు వచ్చే లక్షణమే. ఆ సంగతి డాక్టరుతో చెప్పటానికి నాకు నాలుగునెలలు పట్టింది. మీరు అంత ఆలస్యం చెయ్యకండి. 1985లో ఏర్పడిన మల్టిపుల్ స్క్లిరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకి హైదరాబాదులో శాఖ వుంది. అక్కడ నాకు దొరికిన పెద్దమేలు, మొదటినుంచీ వివరించనక్కర్లేని మనుషులు.

సెలవు కోసం వెళ్ళినప్పుడు ఆఫీసులో ఒకాయన, "ఇంకెందుకమ్మా ఈ అవస్థ, వాలంటరీ రిటైర్‌మెంట్ తీసుకోండి" అన్నాడు. చెడ్డమాట కాదు, జాలిపడే అన్నాడు. కాని చట్టం తెలియక అన్నాడు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో పేర్కొన్న 21 రకాల వైకల్యాలలో మల్టిపుల్ స్క్లిరోసిస్ ఒకటి. ఉద్యోగంలో వుండగా వైకల్యం వచ్చినవాళ్ళని ఏ ప్రభుత్వ సంస్థా తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు, ఉన్నపని చెయ్యలేకపోతే అదే జీతంతో మరో పని ఇవ్వాలి అని 20వ సెక్షను చెబుతోంది. వైకల్యం 40 శాతానికి తక్కువకాని విద్యార్థులకి ప్రభుత్వ ఉన్నతవిద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలని కూడా ఆ చట్టంలోనే వుంది. ఇది మీలో ఎవరికైనా, మీ తమ్ముళ్ళకో చెల్లెళ్ళకో పనికిరావచ్చు.

ప్రిన్సిపాల్‌గారు నా క్లాసులన్నీ కిందిగదికి మార్చారు. ఖర్చు ఒక్కపైసా కాలేదు. మా సహాధ్యాపకుడొకాయన తన పొద్దుటి పీరియడ్లు నాకిచ్చి, మధ్యాహ్నంవి తను తీసుకున్నారు. మా అటెండరు వరండా మధ్యలో ఒక కుర్చీ వేసి, "మీకు సగందారిలో స్టేషనమ్మా ఇది" అన్నాడు. నేను మళ్ళీ పాఠం చెబుతున్నానంటే, మందులెంత కారణమో ఈ మూడూ అంత కారణం.

మీరు కూడా చెయ్యగలిగింది వుంది. పై అంతస్తులో ఆడవాళ్ళకి ఒక బాత్రూము, లైబ్రరీ మెట్ల పక్కన ఒక వాలుదారి: ఈ రెండూ వచ్చే ఏడాది మీ సంఘం కోరికల్లో పెట్టండి. నాకోసమనే కాదు. కాలు విరిగినవాళ్ళకీ, కడుపుతో వున్నవాళ్ళకీ, కొడుకు పట్టా పుచ్చుకుంటుంటే చూడవచ్చే ముసలితల్లికీ అవసరమే. ఇరవయ్యేళ్ళ వయసులో ఎవరికైనా ఒక కన్ను మసకేసినా, కాళ్ళలో తిమ్మిరి రోజుల తరబడి వదలకపోయినా, నరాల బలహీనత అన్నమాటతో సరిపెట్టుకోవద్దు. న్యూరాలజిస్టుకి చూపించుకోండి.

రాజీనామా ఉత్తరం ఇంకా మావారి పాతచొక్కా జేబులోనే వుంది. వచ్చే సావనీరుకి సూపర్ కండక్టర్ల మీద తప్పకుండా రాస్తాను. చల్లగా వుంటే తప్ప పనిచెయ్యని తీగెల గురించి రాయటానికి ఈ కళాశాలలో ఇప్పుడు నాకన్న అర్హులెవరు?